నూట ఎనభై గడియల నీళ్లు

ఒకానొక రాజ్యంలో రాజుగారు పుట్టి బుద్ధెరిగాక వేడి అన్నం తిని ఎరగరు. అది ఆ వంశాచారం.

వారి తాతగారి తాతగారిని ఎవరో పాయసంలో విషం కలిపి చంపారట. అప్పటినుంచి రాజు నోట్లో ఏది పడాలన్నా ముందు ఒక చవి మనిషి తిని, తాగి చూడాలి. ఆ మనిషిని పీట మీద కూర్చోబెట్టి, పక్కనున్న నీళ్ల తొట్టిలో అడుగున సన్నని చిల్లున్న రాగిగిన్నెను వదులుతారు. గిన్నె నిండి మునిగితే ఒక గడియ. అప్పటికీ చవి మనిషి పక్కకి ఒరిగిపోకుండా కూర్చునే ఉంటే గంట కొడతారు. అప్పుడు రాజుగారు చల్లారిన అన్నంలో పేరుకున్న నెయ్యి వేసుకుని భోంచేస్తారు.

ఆ రాజ్యం పేరు శిఖరవరం. రాజు ఉద్దండ భూపాలుడు. చవి మనిషి తులిసెమ్మ.

తులిసెమ్మను నేనే. ఈ కథలో నేను తెలివైన పని ఒకటి చేశాను, సిగ్గుమాలిన పని ఒకటి చేశాను. మొదటిది ఊళ్లో అందరూ చెప్పుకుని నవ్వుతారు. రెండోది చెప్పేవాళ్లు లేరు గనక నేనే చెప్తున్నాను.

మా అమ్మ పోయాక ఆ పీట నాకొచ్చింది. గిన్నె మునిగేదాకా చేసే పనేం ఉండదు. ఎదురుగా గోడకి వంశాచారం చెక్కిన రాగిరేకు ఉండేది. దాన్నే చూసి చూసి, వచ్చే పోయే లేఖకుల్ని ఒక్కో అక్షరం అడిగి, నాలుగేళ్లలో చదవడం పట్టుబడింది. ఇంక వేరే రేకు లేదు గనక దాన్నే వందలసార్లు చదివాను.

చవి మనిషి మాటంటే ఊళ్లో గురి ఉండేది. రోజూ ప్రాణం ఒడ్డి తినే మనిషి అబద్ధం ఎందుకాడుతుందని.

ఒక ఏడాది వేసవి చివర ఊళ్లోకి గత్తర వచ్చింది. పొద్దున్న వాంతులు, విరేచనాలు పట్టుకుంటే సాయంత్రానికి మనిషి పిండేసిన చెరుకు పిప్పిలా అయిపోయేవాడు. రాజవైద్యుడు నృసింహభట్టుగారు ఇల్లిల్లూ తిరిగి, రోగం నీళ్ల వల్ల వస్తోందని పసిగట్టారు. మర్నాడే దండోరా వేశారు.

“ఏటి నీరు గానీ, బావి నీరు గానీ, కొండ ఊట గానీ, ఏ నీరైనా మూడు పొంగులు వచ్చేదాకా కాచి తాగాలహో! పచ్చినీరు తాగిన మనిషికి మూడు రోజులు గడిస్తే గానీ గత్తర బయటపడదహో! పచ్చినీళ్ల కుండ కనబడితే భటులు పగలగొడతారహో!”

అది నిజమైన మాట. అందులో తప్పు లేదు.

అంతఃపురంలో రాజుగారికి వెండి చెంబుతో కాచిన నీళ్లు పెట్టాం. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించారు.

“ఇవి రోగులు తాగే నీళ్లు. సింహం ఎక్కడైనా నీళ్లు కాచుకుంటుందా, వైద్యశిఖామణీ?”

భట్టుగారు కొంచెంసేపు తల గోక్కున్నారు. “చిత్తం. ప్రభువుల రక్తమే నిప్పు. నీళ్లు లోపలికి వెళ్లాక వాటంతటవే కాగుతాయి.”

రాజుగారికి ఆ మాట బాగా నచ్చింది. ఆ రోజునుంచి తెల్లవారుజామున నలుగురు కావిడివాళ్లు కొండ ఊట నుంచి పచ్చినీళ్లు మోసుకొచ్చేవారు. ముందు నేను తాగేదాన్ని. గిన్నె మునిగేది, గంట మోగేది, తర్వాత రాజుగారు తాగేవారు.

ఊళ్లో నీళ్లు కాచుకోవడం తేలిక కాదు. కట్టెల కరువు. జనం సణుగుతున్నారని తెలిసి భట్టుగారు నన్ను పిలిచారు.

“తులిసెమ్మా, మీ వీధికి వెళ్లి చెప్పు. రాజుగారు కూడా కాచిన నీళ్లే తాగుతున్నారని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు.”

“తాగట్లేదు కదండీ.”

“జనం ప్రాణాలు నిలబెట్టే అబద్ధం ఆడితే పాపం అంటదు. వెళ్లు.”

వెళ్లాను. మా వీధి చివర బొరుగులు వేయించే ఓబులక్క ఉంటుంది. మొగుడు పుల్లన్న. కూతురు గంగి కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. ఓబులక్క గడపలో నిలబడే చెప్పాను. నలుగురూ మూగారు.

“నీ కళ్లతో చూశావా?” అంది ఓబులక్క.

“నా నోటితో తాగాను అక్కా. రాజుగారి చెంబులోవే.”

“అయితే సరే” అంది. అంతే. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. బొరుగుల పొయ్యికి దాచుకున్న చిదుగులన్నీ నీళ్లకి పెట్టింది. అవి అయిపోయాక పుల్లన్న పడుకునే మంచం కోళ్లు విరిచి కాచింది. ఆయన నేల మీద పడుకుని, “రాజుగారి పరుపు సంగతేమో గానీ నీళ్లు మాత్రం ఇద్దరివీ ఒకటే” అని నవ్వేవాడు. నాకూ నవ్వు వచ్చినట్టే నవ్వేదాన్ని.

వీధంతా కాచుకుంది. ఇరవై రోజులు మా వీధిలో ఒక్కరికి కూడా గత్తర సోకలేదు. నాకు నేను చెప్పుకున్నాను, చూశావా, అబద్ధమైతేనేం, పని చేసింది కదా అని.

ఒక తెల్లవారుజామున కావిడివాడొకడు ఓబులక్క గుమ్మం ముందే కాలు జారి పడ్డాడు. కుండ పగిలింది. నీళ్లు ఆవిడ కాళ్ల మీదికి పారాయి. జిల్లుమన్నాయి.

“ఎవరి నీళ్లురా ఇవి?”

“రాజుగారివక్కా. కొండ మీదివి. రోజూ ఇవే.”

“కాచింది ఎక్కడ?”

“కాచడమేంటక్కా? ఇంత చల్లగా ఉంటే!”

పొద్దెక్కేసరికి ఊరంతా పాకింది. మధ్యాహ్నానికి వీధిలో ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. కొండ నీళ్లు శుభ్రమైనవేమో, మనకి తెలియదు. కానీ రాజు పచ్చినీళ్లు తాగుతున్నాడన్న మాట మాత్రమే కొండ దిగి వచ్చింది. జనం మా ఏటికి వెళ్లి కడుపారా తాగారు, పంతం పట్టి తాగారు. అయిదో రోజున పుల్లన్న పడ్డాడు. ఆరో రోజున పోయాడు.

పెద్దకర్మ అయ్యాక వెళ్లాను. గంగి నిండు కడుపుతో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ముంత. అందులో ఏటి నీళ్లు.

“అక్కా, నీకు దణ్ణం పెడతాను. దాని కోసమైనా కాచు.”

ఓబులక్క నా మొహం వైపు చూడలేదు. “నువ్వు ఏ నీళ్లు తాగుతావో మా పిల్లా అవే తాగుతుంది. రాజుగారు ఏవి తాగుతారో అవే.”

“దండోరా నిజమక్కా. నా మాటే అబద్ధం.”

“ఏది నిజమో, ఏది కాదో విడదీసి చూసుకునే చదువు నాకు లేదమ్మా. ఒక నోటి నుంచే వచ్చాయి రెండూ.”

ముంత వైపు ఇంకోసారి చూసి వచ్చేశాను. 

ఇంటికి వచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు. రాజుగారు అందరూ చూస్తుండగా కాచిన నీళ్లు తాగితే తప్ప ఓబులక్క పొయ్యి వెలిగించదు. తాగమని చెప్పడానికి నేనెంత? నాకు తెలిసిందల్లా గోడ మీది ఆ రేకు. వందలసార్లు చదివిన రేకులో చివరి పంక్తి అప్పుడు కొత్తగా కనబడింది.

ఆ సోమవారం కొలువు. ఊరి జనాన్ని లోపలికి వదిలే రోజు. భటులు కుండలు పగలగొట్టారని ఫిర్యాదు చెయ్యడానికి మా వీధివాళ్లంతా వచ్చారు. ఓబులక్క ముందు వరసలో నిలబడింది, పగిలిన కుండ మెడ ఒకటి చేత్తో పట్టుకుని.

రాజుగారు వాళ్ల గోడు వినలేదు. ఆయనే మొదలుపెట్టారు. ఆజ్ఞ అంటే ఏమిటి, ప్రజలంటే ఏమిటి, తండ్రి మాట వినని బిడ్డలు ఏమవుతారు, ఇవన్నీ గంటసేపు చెప్పారు. చెప్పి చెప్పి గొంతు ఎండిపోయింది.

“నీళ్లు!”

బంగారు గిన్నెలో కొండ నీళ్లు తెచ్చారు. నేను గుక్కెడు తాగి పీట మీద కూర్చున్నాను. తొట్టిలో రాగిగిన్నె వదిలారు. సభంతా చూస్తోంది. గిన్నె మెల్లగా నిండి బుడుంగున మునిగింది. గంట మోగింది. రాజుగారు చెయ్యి చాపారు.

నేను నీళ్లు ఇవ్వలేదు. గిన్నెను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ అడ్డం పెట్టాను.

“ఏమే, చెవుడా? గంట మోగింది.”

“ఒక్క గడియే అయింది ప్రభూ. ఇంకా నూట డెబ్భై తొమ్మిది ఉన్నాయి.”

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారి కనుబొమలు పైకి లేచాయి. “ఏం పేలుతున్నావు?”

“నేను కాదు ప్రభూ, తమ తాతగారి తాతగారు. రేకులో ఆఖరు పంక్తి చూడండి. చవి మనిషి తిన్నదాంట్లో కీడు ఉన్నదేమోనని అనుమానం వస్తే, ఆ కీడు బయటపడడానికి ఎంతసేపు పడుతుందని రాజవైద్యుడు చెబుతాడో అంతసేపూ రాజు ఆగవలెను అని ఉంది. పచ్చినీటి కీడు మూడు రోజులకి గానీ బయటపడదని భట్టుగారు దండోరా వేయించారు. రోజుకి అరవై గడియలు. మూడు రోజులకి నూట ఎనభై.”

“ఇది కొండ ఊట నీరు!”

“దండోరాలో కొండ ఊట కూడా ఉంది ప్రభూ.”

రాజుగారు భట్టుగారి వైపు తిరిగారు. “వైద్యశిఖామణీ, ఈ నీళ్లకి ఏం దోషం లేదని చెప్పండి. ఈ పిల్ల గోల వదిలిపోతుంది.”

భట్టుగారు నోరు తెరిచారు. ఎదురుగా మూడు వందలమంది జనం. నీళ్లు మంచివంటే దండోరా అబద్ధమవుతుంది, పగలగొట్టిన కుండలన్నీ ఆయన మెడకి చుట్టుకుంటాయి. మంచివి కావంటే రాజుగారికి రెండు నెలలుగా ఏం తాగించినట్టు? తెరిచిన నోరు అలాగే ఉంచి, “ప్రభువుల రక్తం నిప్పు...” అన్నారు.

“నిప్పే అనుకోండి. కానీ ముందు తాగింది నేను కదండీ” అన్నాను. “నా రక్తం బొరుగుల వీధి రక్తం. నేను పడతానో లేదో తేలేదాకా ప్రభువులు ఆగాలి కదా.”

అప్పుడు ఓబులక్క గొంతు వినబడింది. గట్టిగా కూడా కాదు.

“తులిసీ. ఈ రెండు నెలలూ నువ్వు తాగింది ఏ నీళ్లు?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దీని కోసమే నిద్ర మానేసి మాటలు పేర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు.

“పచ్చివే అక్కా.”

“మా గడపలో నిలబడి ఏం చెప్పావు?”

“కాచినవని చెప్పాను.”

“పుల్లన్న విన్నాడు ఆ మాట. విని, మంచం కోళ్లు విరిచి కాయనిచ్చాడు.”

“విన్నాడు.”

జనంలో ఎవ్వరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను తల వంచుకుని తొట్టిలో మునిగిన గిన్నెను చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తలెత్తితే, రాజుగారు కూడా ఎటో గోడ వైపు చూస్తున్నారు.

ఆయన పొగరు అంత తొందరగా దిగేది కాదు. సింహాసనం మీద సర్దుకుని, “సరే. నేను ఆగాలనే కదా ఆచారం. వైద్యులు ఆగక్కర్లేదు. భట్టుగారూ, మీరు తాగండి. జనం చూస్తారు, కొండ నీళ్ల మీద అనుమానం పోతుంది” అన్నారు.

“నాకు... ఈ పూట ఉపవాసం ప్రభూ.”

“నీళ్లకి ఉపవాసమేమిటి?”

“నిర్జల ఉపవాసం.”

“అయితే రేపు తాగుదురు గాని.”

“రేపు కూడా...”

ఓబులక్క అంది, “ఆయన పచ్చినీళ్లు ముట్టరు మహారాజా. మా మరిది ఆయనింటికి కట్టెలు తోలుతాడు. వారానికి రెండు బళ్లు.”

రాజుగారు నెమ్మదిగా భట్టుగారి వైపు తిరిగారు. “వారానికి రెండు బళ్ల కట్టెలా? మా వంటశాలకే ఒక బండి చాలు. ఏం కాస్తారు మీ ఇంట్లో?”

భట్టుగారి ముక్కు చివర చెమట బొట్టు వేలాడింది. “నీళ్లు, ప్రభూ.”

“ఎన్ని పొంగులు?”

“మూడు... ఒక్కోసారి నాలుగు.”

 భట్టుగారి తలో, నా తలో, ఏదో ఒకటి ఆ పూట నేల మీద దొర్లుతుందనుకున్నాం. రాజుగారి పొట్ట ముందు కదిలింది. తర్వాత భుజాలు. తర్వాత సింహాసనం చేతులు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వారు.

“అంటే ఈ రెండు నెలలూ శిఖరవరంలో వైద్యుడు కాచినవే తాగాడు. ఆ వీధివాళ్లు మొన్నమొన్నటిదాకా మంచం కోళ్లు విరిచి మరీ కాచుకు తాగారు. పచ్చినీళ్లు తాగిన బుద్ధిమంతులం మేమూ, ఈ పిల్లా, ఇద్దరమేనన్నమాట!”

జనంలో కూడా కొందరు నవ్వారు. నవ్వనివాళ్ల వైపు రాజుగారు చూశారు. ఓబులక్క చేతిలోని కుండ మెడ వైపు చూశారు. నవ్వు ఆగింది.

“వీళ్లు కాచడం మానేసింది మమ్మల్ని చూసే కదూ?” అని నన్నే అడిగారు, గొంతు తగ్గించి.

“ముందు నన్ను నమ్మారు ప్రభూ. తర్వాత తమర్ని చూశారు.”

 రాజుగారు కాచిన నీళ్లు తెమ్మన్నారు. తెచ్చేసరికి అవి ఇంకా పొగలు కక్కుతున్నాయి. ఎవరో చల్లారబెట్టబోతే వద్దని, గద్దె దిగి జనం మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. నేను ఆచారం ప్రకారం ముందు చవి చూశాను. గడియసేపు ఆయన నిలబడే ఉన్నారు. గంట మోగాక తాగారు. “చప్పగా ఉన్నాయి” అన్నారు. “రోజూ తాగుతాం” అన్నారు.

రాజుగారి అడవిలోని కట్టెలు ఊరందరికీ ఉచితమని అక్కడికక్కడే ఆజ్ఞ అయింది. భట్టుగారికి శిక్ష ఏమిటంటే, ఇంటింటికీ వెళ్లి పొయ్యి ఊది నీళ్లు కాచి చూపించడం. కుండలు పగలగొట్టిన భటులు కట్టెలు మోశారు.

ఆచారం ఆచారమే గనక నన్ను మూడు రోజులు ఆ పీట మీదే కూర్చోబెట్టారు, పడతానేమోనని. గడియకోసారి గంట కొట్టారు, నూట ఎనభైసార్లు. ఊరి జనం వచ్చి నన్ను చూసిపోయేవారు. కొందరు జాలిగా, కొందరు సరదాగా. పడితే బాగుండునని చూసినవాళ్లూ ఉన్నారు. వాళ్లది తప్పనిపించలేదు.

నేను పడలేదు. మూడో రోజు ఒకాయన, “చూశారా, పచ్చినీళ్లు తాగినా ఏం కాలేదు” అన్నాడు. “నేను తాగింది కొండ నీళ్లు బాబూ. పుల్లన్న తాగింది ఏటి నీళ్లు” అన్నాను. ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆఖరి గంట మోగాక రాజుగారు వచ్చి, మూడు రోజులుగా మూతపెట్టి ఉంచిన ఆ బంగారు గిన్నెలోకి తొంగి చూశారు. “ఇప్పుడు తాగవచ్చా?” అని నవ్వారు. ఆ నీళ్లు పారబోయించి, గిన్నె నాకే ఇచ్చారు, మెడలోని ముత్యాల సరం తీసి అందులో వేసి. “మా నోటి ముందు చెయ్యి అడ్డం పెట్టినదానివి నువ్వొక్కతెవే” అన్నారు.

కథల్లో అయితే ఇలాంటప్పుడు వద్దంటారు. నేను తీసుకున్నాను. దణ్ణం పెట్టి మరీ తీసుకున్నాను.

మా వీధిలో పొయ్యిలు మళ్లీ వెలిగాయి. నెల తిరిగేసరికి గత్తర తగ్గింది. గంగికి నొప్పులు వస్తున్నాయని కబురు తెలిసి, రాజుగారి వంటశాలలో నేనే నిలబడి నీళ్లు కాయించి, బిందెకి గుడ్డ కట్టి, ఓబులక్క ఇంటికి మోసుకెళ్లాను. లోపల మంత్రసాని గొంతు, గంగి మూలుగు వినబడుతున్నాయి.

“కాచిన నీళ్లక్కా. నేనే కాయించాను.”

ఓబులక్క బిందె అందుకుంది. గుడ్డ విప్పి చూసింది. నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఏమీ లేదు. బిందె తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టి, కింద మంట వేసింది.

కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. వెళ్లమని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. పొయ్యి ముందు చతికిలబడి పుల్లలు ఎగదోస్తూ కూర్చున్నాను. ఆ నీళ్లు నా ఎదురుగా మళ్లీ కాగాయి.